చెల్లాయి దగ్గు, పిన్ని నోటుబుక్కు

మన క్యాంపు గురించి ఇక్కడ చాలానే రాసుకున్నాం. తాతయ్య 1958లో తణుకు దగ్గరి ఊళ్ళో ఎకరంన్నర అమ్ముకుని తుంగభద్ర ఎడమ కాలువ కిందకి ఎలా వచ్చారో, గంగావతి తాలూకాలో తుమ్మకంపలు కొట్టి మొదటి మడి ఎలా కట్టారో, ఆవకాయకి కాయలు ఎక్కణ్ణించి తెప్పించుకునేవారో, అన్నీ అయ్యాయి. ఈసారి రాసేది అలాంటిది కాదు. మన ఇంట్లో ఉన్న ఒక జబ్బు సంగతి. చెల్లాయిని, అంటే బాబాయి కూతుర్ని అడిగాకే రాస్తున్నాం. "రాయండి అన్నయ్యా, నా పేరొక్కటి వద్దు" అంది. అందుకని ఇందులో ఎవరి పేర్లూ లేవు, వరసలే ఉంటాయి.

ఇంకో మనవి. నాయనమ్మకి కళ్ళు ఆనక ఇక్కడి రాతలన్నీ మీలో ఎవరో ఒకరు చదివి వినిపిస్తూ ఉంటారు. దయచేసి ఈ ఒక్కటీ వినిపించొద్దు. ఎందుకన్నది చదువుతూ ఉంటే మీకే తెలుస్తుంది.

చెల్లాయి పుట్టింది ఏప్రిల్ నెలలో. మన వైపు ఏప్రిల్ అంటే తెలుసు కదా, నలభై దాటిన ఎండ. పసిపిల్లని ముద్దు పెట్టుకుంటే పెదాలకి ఉప్పగా తగిలేదట. నాయనమ్మ నవ్వి "ఇది ఉప్పుబిడ్డే" అనేవారు. పెద్దదయ్యాక స్కూలు నుంచి వస్తే చొక్కా వీపు మీద తెల్లటి చారలు ఉండేవి. అవి మా చొక్కాల మీదా ఉండేవి, కాకపోతే దాని చొక్కా ఎండలో ఆరేస్తే అప్పడంలా గట్టిగా నిలబడేది. అందరం నవ్వుకునేవాళ్ళం. కన్నడ మీడియంలో చదివినవాళ్ళం, చెమటని బడిలో 'బెవరు' అనేవాళ్ళం, ఊపిరితిత్తుల్ని 'శ్వాసకోశ' అనేవాళ్ళం. ఇప్పటికీ డాక్టరు గారు ఏదైనా అడిగితే ముందు కన్నడ మాటే నోటికొస్తుంది. ఉప్పు మాత్రం రెండు భాషల్లోనూ ఉప్పే. అయినా దాన్ని ఏ భాషలోనూ ఎవరం పట్టించుకోలేదు.

అక్కడెక్కడో యూరప్ పల్లెల్లో పాతకాలం నుంచీ ఒక నమ్మకం ఉండేదట, ముద్దు పెట్టుకుంటే నుదురు ఉప్పగా ఉన్న బిడ్డ ఎక్కువ కాలం బతకదని. మేమది చదివింది చెల్లాయికి ఇరవై నాలుగేళ్ళు వచ్చాక. పిన్నికి ఆ మాట చెప్పలేదు.

దగ్గు చిన్నప్పటి నుంచీ ఉంది. ఏడాదికి రెండుమూడు సార్లు జ్వరం, న్యుమోనియా అనడం, సూదులు, తగ్గడం. ముక్కులో కండ పెరిగిందని ఒకసారి కోయించారు. పదిహేడో ఏట ఎక్స్‌రేలో పై భాగంలో మచ్చలు కనబడ్డాయని టీబీ మందులు ఆరు నెలలు వాడారు. కఫంలో టీబీ క్రిమి ఎప్పుడూ దొరకలేదు. "దొరక్కపోయినా ఉండొచ్చు" అన్నారు, అదీ అబద్ధం కాదు. మన దేశంలో ఊపిరితిత్తుల పై భాగంలో మచ్చలుంటే ముందు టీబీయే గుర్తొస్తుంది, గుర్తు రావాలి కూడా. ఇరవై ఒకటో ఏట మళ్ళీ అదే కోర్సు. టీబీ ఉన్న పిల్ల అని రెండు సంబంధాలు వెనక్కిపోయాయి. ఆ డాక్టర్ల మీద మాకు కోపం లేదని చెప్పలేం గానీ, ఎవరి పేరూ ఇక్కడ రాయం.

మూడోసారి బెంగళూరులో ఒక పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడ ఒక లేడీ డాక్టరు సీటీ స్కాను చూసి, కఫం పరీక్షకి పంపించి, ఆ రిపోర్టులో 'స్యూడోమోనాస్ ఎరుగినోసా' అన్న పేరు చూసి, కొంచెం సేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత పిన్నిని అడిగిన మొదటి ప్రశ్న, "ఈ అమ్మాయి చెమట ఉప్పగా ఉంటుందా?" రెండో ప్రశ్న, "మీదీ మీ ఆయనదీ దగ్గర సంబంధమా?"

పిన్ని బాబాయికి మేనమామ కూతురు.

సిస్టిక్ ఫైబ్రోసిస్ అన్న పేరు మేము మొదటిసారి వినడం ఆ రోజే. ఈ జబ్బుని విడిగా గుర్తించి 1938లో వివరంగా రాసింది న్యూయార్కులోని డోరతీ ఆండర్సన్ అనే డాక్టరు. చనిపోయిన పిల్లల క్లోమగ్రంథుల్ని పరీక్షించి తేల్చారు, అందుకే ఊపిరితిత్తుల జబ్బుకి అలాంటి పేరు వచ్చింది. ఉప్పు సంగతి బయటపడింది మాత్రం ఎండ వల్ల. 1948 వేసవిలో న్యూయార్కులో ఎండలు మండిపోతే, వడదెబ్బతో ఆసుపత్రికి వచ్చిన పిల్లల్లో ఈ జబ్బున్నవాళ్ళు ఎక్కువగా ఉండటం పాల్ డి సాంట్ ఆన్యేస్ అనే డాక్టరు గమనించారు. వాళ్ళ చెమటలో ఉప్పు మామూలు కంటే ఎన్నో రెట్లు ఎక్కువని 1953లో ప్రచురించారు. తుంగభద్ర డ్యాము కట్టడం పూర్తయిన సంవత్సరం అదే. మన చొక్కాల మీద చారలు చూసి మేము నవ్వుకునేనాటికి ఆ విషయం లోకానికి తెలిసి నలభై ఏళ్ళు దాటింది.

చెమట పరీక్ష చాలా మామూలుగా ఉంటుంది. ముంజేతి మీద పైలోకార్పిన్ అనే మందు పెట్టి, సన్నటి కరెంటు పంపిస్తారు, చీమ కుట్టినట్టు ఉంటుందంది చెల్లాయి. అరగంట పాటు ఆ చోట పట్టిన చెమటని తీసి అందులో క్లోరైడు కొలుస్తారు. ఈ పద్ధతి 1959 నాటిది, ఇప్పటికీ అదే వాడుతున్నారు. లీటరుకి 30 మిల్లీమోల్ కంటే తక్కువుంటే జబ్బు లేనట్టే, 60 కానీ ఆ పైన కానీ వస్తే ఉన్నట్టు. చెల్లాయిది 84.

ఒక్క అరగంట చెమట. ఇరవై నాలుగేళ్ళు.

జరిగేది ఇదీ. మన కణాల గోడల్లో సీఎఫ్‌టీఆర్ అనే ఒక ద్వారం ఉంటుంది, ఉప్పులోని క్లోరైడు దాని గుండా పోతూ ఉంటుంది. ఉప్పు వెంట నీళ్ళు వెళ్తాయి. ఆ ద్వారం పాడైతే గాలిగొట్టాల లోపలి తడి ఆరిపోయి, శ్లేష్మం పాకం ముదిరినట్టు జిగటగా అంటుకుపోతుంది. మన కాలువ కింద రైతుకి ఇది వేరే చెప్పక్కర్లేదు. నీళ్ళు పారితేనే కాలువ శుభ్రంగా ఉంటుంది, ఆగితే నాచు పడుతుంది. ఊపిరితిత్తుల్లో పట్టే నాచు ఈ స్యూడోమోనాస్. తన చుట్టూ ఒక జిగురు పొర కట్టుకుని అందులో కూర్చుంటుంది, ఒకసారి పాతుకుపోతే మందులతో తగ్గుతుంది తప్ప పూర్తిగా పోవడం కష్టం. ఏడో క్రోమోజోము మీద ఉన్న, ఈ ద్వారానికి సంబంధించిన జన్యువుని 1989లో కనిపెట్టారు. అందులో ఇప్పటికి రెండువేలకి పైగా రకాల తేడాలు గుర్తించారు. కొన్ని రకాల్లో క్లోమం బాగానే పనిచేస్తుంది, తిండి వంటబడుతుంది, జబ్బు నెమ్మదిగా ముదురుతుంది. చెల్లాయిది అలాంటిదే. అందుకే ఇంతకాలం దొరకలేదు.

జబ్బు పేరు తెలిశాక అంతా తేలిగ్గా అవుతుందనుకున్నాం. మాకు తెలియనిదేంటంటే, అసలు ప్రశ్న అప్పుడు మొదలవుతుంది. క్రిమి ఎప్పుడూ లోపలే ఉంటుంది, దగ్గు ఎప్పుడూ ఉంటుంది, కఫం ఎప్పుడూ వస్తుంది. మరి ఈ వేళ దగ్గు మామూలు దగ్గా, లేక ఇన్ఫెక్షను విజృంభిస్తోందా? ఎప్పుడు కదలాలి, ఎప్పుడు ఊరుకోవాలి? పొరపాటున ఊరుకుంటే ఊపిరితిత్తి కొంత పోతుంది, పోయింది తిరిగి పూర్తిగా రాదు. పొరపాటున కదిలితే పద్నాలుగు రోజులు ఆసుపత్రిలో సెలైను సూదితో పడుకోవాలి. ఒకసారి అమికాసిన్ ఇచ్చాక చెల్లాయి చెవిలో గుయ్యిమనే చప్పుడు మొదలైంది, ఇప్పటికీ పోలేదు. అంటే రెండువైపులా నష్టమే. కనుక ముందుగా చెప్పగలిగే గుర్తు ఏదైనా ఉందా అన్నదే మన ఇంట్లో ఈ ఏడేళ్ళుగా నడుస్తున్న చర్చ. వైద్యులు దాన్ని బయోమార్కర్ అంటారు.

మేము చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. పొద్దున లేస్తే ఇదే పని, ఎర్రలైటు వెలిగితే నిజంగా తప్పుందా, లేక టెస్టే తప్పా అని చూడటం. వెలగకపోతే మరీ అనుమానం. కాబట్టి చెల్లాయి రిపోర్టులన్నీ మా దగ్గరికే వస్తాయి. బాబాయి అయితే "నీకు తెలుస్తుంది కదా నాన్నా" అంటారు. మాకు తెలిసింది తక్కువ. కానీ రిపోర్టు ఎలా అబద్ధం చెప్తుందో కొంచెం తెలుసు.

అందరికీ తెలిసిన గుర్తు సీఆర్పీ. మీలో చాలామంది కరోనా రోజుల్లో చేయించుకునే ఉంటారు. దాని పుట్టుక కూడా ఊపిరితిత్తుల దగ్గరే. 1930లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థలో టిలెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు, న్యుమోనియా రోగుల రక్తంలో ఒక పదార్థం ఆ క్రిమి పైపొరలోని 'సి' అనే చక్కెర పదార్థాన్ని పట్టుకుని గడ్డకట్టిస్తోందని చూశారు. ఆ 'సి' వల్లనే ఆ పేరు. ఒంట్లో ఎక్కడ వాపు వచ్చినా కాలేయం దీన్ని తయారుచేస్తుంది. కొన్ని గంటల్లో పెరగడం మొదలెట్టి రెండు రోజులకి పైకెక్కుతుంది, కారణం తగ్గితే దాదాపు 19 గంటలకి సగమవుతూ దిగుతుంది. కిందికి దిగుతోందంటే మందు పనిచేస్తోందని తెలుసుకోవడానికి బాగుంటుంది. కానీ ఎక్కడ వాపుందో అది చెప్పదు. పొగ వస్తోందని చెప్తుంది, ఎవరింట్లోనో చెప్పదు.

మాకు జరిగినవి రెండు చెప్తాం. మొదటిసారి చెల్లాయి సీఆర్పీ 58 వచ్చింది. రాత్రి బస్సుకి బెంగళూరు పరుగెత్తాం. ఊదే పరీక్ష బాగుంది, కఫం ఎప్పటిలాగే ఉంది, ఛాతీ ఫొటోలో కొత్తదేమీ లేదు. చివరికి ఒక జూనియర్ డాక్టరు నోరు తెరవమన్నారు. కుడివైపు దవడపన్ను కింద చీముగడ్డ. చెల్లాయి రెండు రోజులుగా అటువైపు నమలడం లేదట, "దగ్గు గురించి అడిగారు గానీ పన్ను గురించి ఎవరడిగారు" అంది.

రెండోది ఇప్పటికీ మాకు నిద్ర పట్టనివ్వదు. వేరే ఊళ్ళో ఒక ల్యాబులో పరీక్ష చేయించారు. రిపోర్టులో 4.1 అని ఉంది. ఎప్పుడూ ఆరూ ఏడూ ఉండే పిల్లకి నాలుగు వచ్చిందని బాబాయి సంతోషంగా ఫోన్ చేశారు. మేము ఆఫీసు మీటింగులో ఉండి, ఫొటో కూడా సరిగ్గా చూడకుండా, "బాగుంది బాబాయ్" అనేశాం. మూడో రోజుకి కఫంలో నెత్తుటి జీర. అప్పుడు ఆ కాగితం పెద్దది చేసి చూస్తే, అంకె పక్కన డెసీలీటరుకి అని ఉంది. మనకి అలవాటైన ల్యాబు లీటరుకి రాస్తుంది. 4.1 కాదు, 41. తప్పు ల్యాబుది కాదు, వాళ్ళు సరిగ్గానే అచ్చు వేశారు. యూనిట్లు తప్పు చదవడం మా ఉద్యోగంలో మొదటి ఏడాది పిల్లలు చేసే తప్పు. పదకొండేళ్ళ అనుభవంతో మేం చేశాం. ఆ మూడు రోజుల వల్లే ఇంత అయిందా అంటే చెప్పలేం, కానీ ఆ కోర్సు తర్వాత చెల్లాయి ఊపిరి 1.9 లీటర్ల నుంచి 1.7 దగ్గర ఆగిపోయింది. మళ్ళీ 1.9 చూడలేదు.

ఆ ఊపిరి లెక్క సంగతి. గట్టిగా గాలి పీల్చి ఒక్క సెకనులో ఎంత ఊదగలరన్నది స్పైరోమీటరు చెప్తుంది. అలవాటైన అంకె మీద పదిశాతం పడితే కదలాలి. విజృంభణ అనడానికి 1994 నాటి ఒక మందు పరీక్షలో డాక్టర్లు పన్నెండు లక్షణాలు రాసుకున్నారు, వాటిలో నాలుగు ఉంటే లెక్క. ఈ పదిశాతం వాటిలో ఒకటి. మిగతావి ఎక్కువగా మనిషిని అడిగి తెలుసుకునేవి, కఫం మారిందా, ఆకలి తగ్గిందా, నీరసమా, జ్వరమా అని. ఇన్ని యంత్రాలుండగా అడగడమేంటి అనిపించింది మాకు మొదట్లో.

ప్రోకాల్సిటోనిన్ అని ఇంకో పరీక్ష ఉంది. రక్తంలోకి బ్యాక్టీరియా పాకినప్పుడు బాగా పెరుగుతుంది, వైరస్‌కి అంత పెరగదు, అందుకని ఐసీయూల్లో దానికి గౌరవం ఎక్కువ. చెల్లాయి లాంటి వాళ్ళకి ఇన్ఫెక్షను ఊపిరితిత్తుల్లోనే గూడుకట్టుకుని ఉంటుంది, కాబట్టి అది చాలాసార్లు కదలదు. రెండుసార్లు చేయించాం, రెండుసార్లూ మామూలే, ఒకసారి చెల్లాయి ఆక్సిజను మీద ఉన్నప్పుడు కూడా. ఖరీదైన పచ్చలైటు.

అసలు పోరాటం జరిగేచోటే వెతకాలి కదా అని కఫంలో వెతికినవాళ్ళున్నారు. క్రిమిని చంపడానికి మన తెల్లరక్తకణాలు వచ్చి, ఎలాస్టేజ్ అనే ఎంజైము వదులుతాయి. అది క్రిమితో పాటు గాలిగొట్టం గోడనీ తింటుంది. ఆస్ట్రేలియాలో పసిపిల్లల ఊపిరితిత్తులు కడిగి చూస్తే, మూడు నెలల వయసులోనే ఆ ఎంజైము కనబడినవాళ్ళకి తర్వాత గాలిగొట్టాలు సాగిపోయే ప్రమాదం ఎక్కువని 2013లో ప్రచురించారు. మూడు నెలలు. మనం 'ఉప్పుబిడ్డ' అని ముద్దు చేస్తున్న వయసు.

ఇంకొందరు ఇంకో దారి పట్టారు, మాకు బాగా నచ్చిన దారి. మన ఒంటి కంగారు కొలవడం కాదు, క్రిమి మాటలే వినడం. స్యూడోమోనాస్‌లు తమలో తాము కబురు పంపుకోవడానికి కొన్ని రసాయనాలు వదులుతాయి, ఎంతమంది ఉన్నామో లెక్క చూసుకుని గుంపుగా పనిచేస్తాయి. క్వినోలోన్ల కుటుంబానికి చెందిన ఆ కబుర్లని ఇంగ్లాండులో నాటింగ్‌హామ్ పరిశోధకులు ఈ జబ్బున్న పెద్దవాళ్ళ కఫంలో, రక్తంలో, చివరికి మూత్రంలో కూడా పట్టుకున్నారు. ఊపిరిలో వెతికేవాళ్ళూ ఉన్నారు. ఈ క్రిమి కొంచెం హైడ్రోజన్ సయనైడు వదులుతుంది. దీన్ని ప్లేటులో పెంచితే ద్రాక్షపళ్ళ వాసన వస్తుందని ల్యాబు వాళ్ళందరికీ తెలిసిందే, ఆ వాసన వేసే రసాయనాన్నీ ఊపిరిలో వెతికారు. చెల్లాయికి ఈ సంగతి చెబితే "అయితే నేను కొప్పళ ద్రాక్షతోటనా" అని నవ్వి, నవ్వు దగ్గులోకి మళ్ళి, ఐదు నిమిషాలు ఆగలేదు.

ఇవేవీ మన గంగావతి ల్యాబులో లేవు. బెంగళూరులో కూడా మాకెవరూ రాయలేదు. అయినా ఇవి ఎందుకు ముఖ్యమంటే, 2019 అక్టోబరులో అమెరికాలో ట్రైకాఫ్టా అనే మూడు మందుల కలయికకి అనుమతి వచ్చింది. పాడైన ఆ ద్వారాన్నే కొంతమేర బాగుచేసే మందు. జన్యువులో తేడా రకాన్ని బట్టి పనిచేస్తుంది, ఐరోపా వాళ్ళలో ఎక్కువగా ఉండే రకానికి అది బాగా సరిపోయింది, మన దేశంలో ఆ రకం అంత ఎక్కువ కాదు. అది వాడినవాళ్ళలో చాలామందికి కఫం రావడమే తగ్గిపోయింది. మంచిదే. కానీ కఫం లేకపోతే లోపల క్రిమి ఉందో లేదో దేన్ని పరీక్షించాలి? అందుకే రక్తంలో, ఊపిరిలో గుర్తుల కోసం వెతుకులాట ఇంకా పెరిగింది. మొదలెట్టినప్పుడు దాని ధర అమెరికాలో ఏడాదికి 3,11,000 డాలర్లు. ఆ అంకెని రూపాయల్లోకి మార్చి బాబాయికి చెప్పొద్దని చెల్లాయి మా చేత ఒట్టు వేయించుకుంది. ఆయన పొలం లెక్క వేస్తారని దాని భయం. చెల్లాయి ఇంకా పాత పద్ధతిలోనే ఉంది. రెండు పూటలా వీపు తట్టించుకోవడం, పీల్చే టోబ్రామైసిన్, ఏడు శాతం ఉప్పునీటి ఆవిరి. అవును, ఉప్పు వల్ల వచ్చిన జబ్బుకి ఉప్పే పట్టిస్తారు. ఉప్పు గాలిగొట్టంలోకి నీళ్ళు లాగి శ్లేష్మాన్ని వదులు చేస్తుంది.

ఇక పిన్ని నోటుబుక్కు.

పిన్ని ఏడో తరగతి వరకు చదివింది, కన్నడ బళ్ళోనే. జబ్బు పేరు తెలిసిన వారం నుంచి ఒక రెండొందల పేజీల నోటుబుక్కు పెట్టింది. ఇప్పుడు నాలుగోది నడుస్తోంది. తేదీ, ఊదిన అంకె, బరువు, కఫం రంగు. ఆ రంగుల పేర్లు డాక్టర్లవి కావు: గంజి, పెసరపప్పు, గోంగూర ఉడికించిన నీళ్ళు. అంకెలు కన్నడంలో, మాటలు తెలుగులో. చివర ఒక గడిలో అర్థంకాని గుర్తులుండేవి, ఒక చుక్క, రెండు చుక్కలు. చాలా రోజులు మేం పట్టించుకోలేదు. పోయిన సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఏమిటని అడిగాం.

"అన్నం" అంది. "రెండోసారి అడిగి వడ్డించుకుంటే రెండు చుక్కలు. ఒకసారితో లేచిపోతే ఒకటి. కంచంలో వదిలేస్తే ఏమీ పెట్టను."

ఆ నాలుగు నోటుబుక్కులూ ఫోన్లో ఫొటోలు తీసుకుని, బెంగళూరు వచ్చి, రెండు వారాంతాలు కూర్చుని ఎక్సెల్‌లో ఎక్కించాం. ఏడేళ్ళలో ఆసుపత్రిలో చేరింది పదకొండు సార్లు. అందులో తొమ్మిదిసార్లు, చేరడానికి ఐదారు రోజుల ముందే చుక్కలు ఆగిపోయాయి. ఊదిన అంకె పడింది ఆ తర్వాతే. సీఆర్పీ ఇంకా తర్వాత. ఒక్క మనిషి లెక్క ఇది, దీన్ని పట్టుకుని ఎవరూ వైద్యం చేయకూడదు. చుక్కలు ఊరికే ఆగిన రోజులూ చాలా ఉన్నాయి, వంకాయ వండినప్పుడల్లా ఆగాయి. అయినా ఆ కాగితం ప్రింటు తీసి డాక్టరు గారికి చూపించాం. ఆవిడ నవ్వలేదు. ఆకలి తగ్గడం ఆ పన్నెండింటిలో ఉండనే ఉందని చెప్పి, ఒక కాపీ ఫైలులో పెట్టుకున్నారు. ఇప్పుడు మూడు రోజులు వరసగా చుక్క లేకపోతే ఫోన్ చేయమన్నారు. పన్ను కూడా చూసి చెప్పమన్నారు.

ఈ జబ్బున్నవాళ్ళు ఒకరితో ఒకరు కలవకూడదు, ఒకరి క్రిమి ఇంకొకరికి అంటుకుంటుందని. అది తెలిసినప్పుడు చెల్లాయి ఏడ్చింది. టీబీ అన్నప్పుడు కూడా ఏడవలేదు. తనలాంటి మనిషిని ఒక్కసారైనా ఎదురుగా కూర్చుని చూడాలనుకుందట.

ఇంత రాయడానికి అసలు కారణం ఇప్పుడు చెప్తాం. మా తమ్ముడికి సంబంధం చూస్తున్నారు. పిన్ని అన్నయ్య కూతురు. అమ్మాయి బాగుంటుంది, ఎమ్మెస్సీ చదివింది, ఇద్దరికీ ఇష్టమే. మన క్యాంపుల్లో మేనరికాలు ఎందుకు ఎక్కువో మీకు తెలుసు. తణుకు నుంచి వచ్చినవి ఏడు కుటుంబాలు, చుట్టూ భాష రానివాళ్ళు, భూమి చెదిరిపోకూడదు. తాతయ్యల తరం తప్పు చేసిందని మేం అనం. వాళ్ళకి వేరే ఎవరు పిల్లనిచ్చేవారు?

కానీ లెక్క ఇదీ. చెల్లాయికి జన్యుపరీక్షలో రెండువైపులా ఒకే రకం తేడా దొరికింది, బాబాయి నుంచి ఒకటి, పిన్ని నుంచి ఒకటి. ఇద్దరికీ ఉమ్మడి అంటే నాయనమ్మ అమ్మానాన్నలు. వాళ్ళలో ఒకరి నుంచి నాయనమ్మకి, ఆవిడ తమ్ముడికి వచ్చి ఉండాలి. ఒక్కటే ఉంటే జబ్బు రాదు, మోస్తున్నట్టు కూడా తెలియదు. ఆవిడ ఎనభై నాలుగేళ్ళు ఒక్క దగ్గు లేకుండా మోశారు. ఆ లెక్కన మా నాన్నకి ఉండే అవకాశం సగం, తమ్ముడికి పావు. అటు అమ్మాయికి కూడా పావు. ఇద్దరికీ ఉండటం పదహారులో ఒకటి, బిడ్డకి జబ్బు రావడం అరవై నాలుగులో ఒకటి. రక్తపరీక్షతో తేలిపోతుంది, ఏ తేడా కోసం వెతకాలో మనకి ముందే తెలుసు కాబట్టి అదేమంత పెద్ద పని కాదు.

ఉగాదికి అందరూ ఉండగా ఆ మాట ఎత్తాం. పెద్ద గొడవే అయింది. మామయ్య లేచి వెళ్ళిపోయారు. నాన్న అయితే, "పెళ్ళికి ముందు ఆడపిల్లకి సూది గుచ్చి చూస్తామని అడగమంటావా? సంతలో గేదెని చూసినట్టా?" అన్నారు. అరవై మూడు మంచివుంటే ఆ ఒక్కటీ పట్టుకుంటావేంట్రా అన్నారు. ఆయన అన్నదాంట్లో ఒకటి నిజం, ఆ పిల్లనే ముందు అడగడం తప్పే. పిన్ని వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విని, ఏమీ అనకుండా లోపలికి వెళ్ళింది. ఆ రాత్రి చెల్లాయి మాతో, "నేను ఆ అరవై నాలుగులో ఒకటిని కూడా కాను అన్నయ్యా, అమ్మానాన్నల విషయంలో నాలుగులో ఒకటిని" అంది. కోపంగా అనలేదు. సరిచూసుకుంటున్నట్టు అంది.

పోయిన బుధవారం నాన్న ఫోన్ చేశారు. ఎప్పట్లాగే వానలు, డ్యాములో నీళ్ళు, మరమ్మతుకిచ్చిన ట్రాక్టరు, అన్నీ చెప్పి, చివర్న అన్నారు. ఒక్కరే హొసపేట వెళ్ళి రక్తం ఇచ్చి వచ్చారట. "నాకు లేకపోతే వాడికీ లేదు కదా, మీ అమ్మ బయట సంబంధమే కదా. అప్పుడు ఆ పిల్లని అడగక్కర్లేదు. ఉంటే వాడిది చూద్దాం. వాడికీ ఉంటే నేనే వెళ్ళి మీ మామయ్యతో మాట్లాడతాను."

మూడు వారాలు పడుతుందన్నారట. రిపోర్టు వచ్చాక యూనిట్లు కూడా చూడమని మాకే పంపిస్తారట. ఈ పరీక్షకి యూనిట్లు ఉండవని చెప్పబోయి ఊరుకున్నాం.

నిన్న రాత్రి పిన్ని పంపిన ఫొటోలో ఊదిన అంకె 1.68, కఫం గంజి, చుక్కలు రెండు.